ఏసీ గ్యాస్ ఎన్నాళ్ళు ఆగింది? లీకు పట్టే దారి దాన్నిబట్టే

మా బల్లార్షాలో ఏప్రిల్ రెండో వారం రాగానే ఏసీ మెకానిక్‌ల దుకాణాల ముందు కార్లు బారులు తీరతాయి. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "భావూ (మరాఠీలో అన్నా), గ్యాస్ కొట్టెయ్." ఆ భావు కూడా ఎదురు ప్రశ్న వెయ్యడు. గేజ్ తగిలిస్తాడు, సిలిండర్ తిప్పుతాడు, పదిహేను వందలో రెండు వేలో తీసుకుంటాడు. కొన్నాళ్ళు బండిలో చలి పెడుతుంది. మే నెలలో చాందా (చంద్రపూర్) 46, 47 డిగ్రీలకు చేరేసరికి మళ్ళీ వేడిగాలి, మళ్ళీ అదే దుకాణం.

నేను బొగ్గుగని వర్క్‌షాపులో ఫిట్టర్‌ని, ఏసీ మెకానిక్‌ని కాను. కానీ ఒకే ఏడు నా కారుకీ, సిరొంచలో ఉండే మా బావ బండికీ లీకులు పట్టుకున్నాయి. ఇద్దరం ఒకరికి చేయాల్సింది ఇంకొకరం చేయించుకున్నాం. ఆయన బండికి నా పద్ధతి, నా బండికి ఆయన పద్ధతి వాడి ఉంటే ఇద్దరికీ కలిపి పది వేలదాకా మిగిలేది. ఏ లీకుకి ఏ పరీక్ష అన్నది ఆ దెబ్బతోనే తలకెక్కింది.

ఏసీ గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యే సరుకు కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. బంపర్ వెనకున్న కండెన్సర్‌లో అది చల్లబడి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో మరిగి, బండిలోని వేడిని లాక్కుని, మళ్ళీ కంప్రెసర్‌కే చేరుతుంది. అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరగాలి. రబ్బరు గొట్టాల్లోంచీ, కంప్రెసర్ సీలు పక్కనుంచీ ఏటా కొన్ని గ్రాములు పోవడం మామూలే. అయిదారేళ్ళ బండిలో చల్లదనం కాస్త తగ్గిందని కంగారు పడక్కర్లేదు. అంతకన్నా తొందరగా తగ్గితే మాత్రం ఎక్కడో దారి దొరికినట్టే.

ముందు అది గ్యాసేనా అని చూడండి

మా వైపు సగం కేసుల్లో గ్యాస్ పోయి ఉండదు. చలికాలం నుంచి పత్తి లారీలు తిరుగుతూనే ఉంటాయి, బొగ్గు లారీలు ఏడాది పొడుగునా తిరుగుతాయి. ఆ దూది, ఆ బొగ్గుపొడి కలిసి కండెన్సర్ రెక్కల మధ్య గోనెపట్టాలా కూరుకుపోతాయి. ముందు నీళ్ళ పైపుతో నెమ్మదిగా కడిగించండి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి, జాగ్రత్త. ఏసీ వేయగానే ముందు ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడండి. క్యాబిన్ ఫిల్టర్ తీసి దులపండి. ఈ మూడింటికీ ఖర్చు లేదు. బండి నడుస్తున్నంతసేపూ చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కుతుంటే అనుమానం మొదట ఫ్యాన్ మీదా, కండెన్సర్ మీదా పడాలి, గ్యాస్ మీద కాదు.

ఇంకోటి. చల్లారి ఉన్న బండికి గేజ్ పెట్టి "95 ఉంది, గ్యాస్ ఫుల్" అనేవాళ్ళు ఉన్నారు. మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ గ్యాస్ 30 డిగ్రీల వేడిలో సగమున్నా, నిండుగా ఉన్నా 95, 97 పీఎస్‌ఐ దగ్గరే చూపిస్తుంది. వంటగ్యాస్ బండ లాంటిదే. బండ సగానికి వచ్చిందని స్టవ్ మంట చిన్నదవుతుందా? లోపలి ద్రవం అయిపోయాకే మంట పడిపోతుంది. కాబట్టి ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజ్ చెప్పేది ఒక్కటే: గ్యాస్ దాదాపు ఖాళీ అయిందా, కాలేదా. ఎంత తగ్గిందో తెలియాలంటే మెషీన్‌తో బయటికి లాగి గ్రాముల్లో తూకం వేయాల్సిందే. చిన్న కార్లలో 350 నుంచి 500 గ్రాముల దాకా పడుతుంది, వెనక సీట్లకు కూడా ఏసీ ఉన్న పెద్ద బండ్లలో 700 దాటుతుంది. మీ బండికి సరిగ్గా ఎంతో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది.

ఎన్నాళ్ళకు పోయింది?

మెకానిక్ మిమ్మల్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. ఎవరూ అడగరు కాబట్టి మీరే చెప్పండి. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో పోయిందా? అది పెద్ద బొక్క, నైట్రోజన్, సబ్బునీళ్ళతో దొరుకుతుంది. రెండు మూడు వారాల నుంచి ఒక సీజన్ దాకా ఆగిందా? యూవీ డై, అంటే యూవీ లైటు కింద మెరిసే రంగు, వేయించండి. ఏడాదికోసారి పోతోందా, లేక పైకి ఎక్కడా ఆనవాలు లేదా? అది గాలిలో గ్యాస్‌ను వాసన పట్టే ఎలక్ట్రానిక్ డిటెక్టర్ పని. ఈ గీతలు ఇనుప గీతలేమీ కావు, అక్కడక్కడా ఒకదాన్ని ఒకటి దాటుతాయి. అయినా ఇక్కడి నుంచి మొదలుపెడితే చాలావరకు తప్పు దారి పట్టరు.

నైట్రోజన్: బావ బండి కథ

ఆలాపల్లి నుంచి సిరొంచ దాకా ఆ రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. లారీ చక్రం కింద నుంచి ఎగిరిన కంకర రాయి ఎవరి బండికి తగులుతుందో దేవుడికెరుక. బావ ఏడు సీట్ల బండిలో పెళ్ళిబృందాన్ని తిప్పుతున్న రోజుల్లో ఉదయం ఉన్న చల్లదనం సాయంత్రానికి పోయింది. గ్యాస్ కొట్టించాడు, రెండు రోజులు ఆగింది. ఇంకో దుకాణంలో "లీకు కనిపెడతాం" అని గ్యాస్‌తో పాటు డై ఎక్కించారు. ఇల్లు చేరేలోపే గ్యాస్ సాంతం పోయింది. డై మాత్రం ఫ్యాన్ గాలికి చెదిరి రేడియేటర్, బంపర్, అడుగు రేకు అంతా అంటుకుంది. యూవీ లైటు వేసి చూస్తే హోలీ ఆడినట్టుంది. ఎక్కణ్ణుంచి మొదలైందో ఎవడు చెప్పగలడు?

చివరికి ప్రాణహిత వంతెన దాటి, చెన్నూరు మీదుగా మంచిర్యాల తీసుకెళ్తే అక్కడి మెకానిక్ పొడి నైట్రోజన్ 150 పీఎస్‌ఐ దాకా పట్టించి, చెవి పెట్టి విన్నాడు. కండెన్సర్ కుడివైపు కింద మూల బుస్సుమంటోంది. సబ్బు నురగ పూయగానే బుడగలు లేచాయి. మొత్తం అరగంట.

150 ఎందుకంటే, 45 డిగ్రీల ఎండలో ఊరికే నిలబెట్టిన కారు పైపుల్లో ఆర్-134ఏ ఒత్తిడి దాదాపు అంతే ఉంటుంది. అంటే మన మే నెల మధ్యాహ్నం ఆ పైపులు రోజూ మోసే బరువే ఇది. ఎక్కువ పెడితే తొందరగా తెలుస్తుందని 250, 300 పట్టించేవాళ్ళను ఆపండి, కూలింగ్ కాయిల్ అంత ఒత్తిడి కోసం చేసింది కాదు.

నైట్రోజన్ నింపి రాత్రంతా వదిలేసే పద్ధతి కూడా మంచిదే, కానీ ఉష్ణోగ్రత లెక్క మరచిపోకూడదు. మధ్యాహ్నం 45 డిగ్రీలప్పుడు 150 పెట్టి, తెల్లవారి 30 డిగ్రీలప్పుడు చూస్తే లీకు లేకపోయినా ముల్లు 142 దగ్గర ఉంటుంది. వాయువు చల్లబడితే కుంచించుకుపోతుంది కదా. ఆ 8 పీఎస్‌ఐ చూసి "లీకుంది" అని కండెన్సర్ విప్పినవాళ్ళను నేను చూశాను. పొద్దున పెట్టి మర్నాడు పొద్దునే అదే వేళకి చూస్తే ఈ గొడవ ఉండదు.

సిలిండర్ రంగు మీరే చూసుకోండి. నైట్రోజన్ సిలిండర్ ఒళ్ళు బూడిద రంగు, మెడ నలుపు. ఒళ్ళు నల్లగా ఉంటే అది ఆక్సిజన్. ఆక్సిజన్ ఒత్తిడితో ఏసీ నూనెకు తగిలితే పేలుతుంది. "ఒత్తిడే కదా, ఏదైతేనేం" అనే దుకాణంలో ఒక్క నిమిషం నిలబడొద్దు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి పేలదు గానీ తేమను లోపలికి తోస్తుంది. ఇక నైట్రోజన్ సిలిండర్‌లో నిండుగా ఉన్నప్పుడు 150 బార్ల దాకా ఉంటుంది (ఒక్కో బార్ సుమారు 15 పీఎస్‌ఐ). మధ్యలో రెగ్యులేటర్ లేకుండా నేరుగా తగిలించడం ఆత్మహత్యతో సమానం.

వ్యాక్యూమ్ నిలబడింది అంటే లీకు లేనట్టేనా?

కాదు. మా ఊళ్ళో ఎక్కువమంది చేసే "లీక్ టెస్ట్" ఇదే: పంపుతో అరగంట వ్యాక్యూమ్ లాగి, ముల్లు కదల్లేదు కాబట్టి బండి ఓకే అనడం. వ్యాక్యూమ్‌లో బయటి గాలి లోపలికి తోసే బలం ఒక్క బార్, అంటే సుమారు 15 పీఎస్‌ఐ. ఏసీ నడిచేటప్పుడు కండెన్సర్ వైపు దానికి పదింతలు పైనే ఉంటుంది. పైగా దిక్కు కూడా తిరగబడింది: లోపలి నుంచి తోస్తే వదిలే ఓ-రింగ్ (జాయింటులో ఉండే రబ్బరు రింగు), బయటి నుంచి తోస్తే బిగుసుకోవచ్చు. వ్యాక్యూమ్ అవసరమే, కానీ గ్యాస్ నింపే ముందు లోపలి గాలినీ, తేమనూ తీయడానికి. లీకు ఎక్కడుందో అది చూపించలేదు. దీన్ని నేను పరీక్షల పద్దులో వెయ్యను.

యూవీ డై, దానికన్నా ముందు బొగ్గుపొడి

గ్యాస్‌తో పాటు కొంచెం నూనె కూడా పైపుల్లో తిరుగుతుంది, లీకు ఉన్నచోట ఆ నూనె కూడా చెమ్మలా బయటికి వస్తుంది. మాలాంటి బొగ్గు ఊళ్ళో ఆ చెమ్మకు నల్లపొడి అంటుకుని మరకవుతుంది. చిక్కేమిటంటే బానెట్ కింద అన్నీ నల్లగానే ఉంటాయి. అందుకే నేను చేసేది ఇది: పైపుల జాయింట్లు, కంప్రెసర్ చుట్టూ, కండెన్సర్ అంచులు బ్రష్షూ గుడ్డా పెట్టి శుభ్రంగా తుడిచి వారం రోజులు బండి నడపడం. వారం తర్వాత ఎక్కడ ముందుగా, జిడ్డుగా నల్లబడిందో అక్కడ వేలు పెట్టి చూడటం. పొడిబారిన నలుపు దుమ్ము, వేలికి జారే నలుపు నూనె. పైసా ఖర్చు లేని డై ఇది. డబ్బులు పెట్టే ముందు ఓసారి చేసి చూడండి.

దానికీ దొరక్కపోతే అసలు డై. మామూలు కారుకు 7, 8 మిల్లీలీటర్లు చాలు. ఒకసారి వేస్తే ఆ నూనెలోనే ఉండిపోతుంది కాబట్టి దుకాణం మారినప్పుడల్లా మళ్ళీ వేయించొద్దు. ఎక్కువైతే నూనె పలచబడి కంప్రెసర్‌కే చేటు. వేయించిన రోజే చూస్తే కొన్నిసార్లు ఏమీ కనబడదు, నాలుగైదు రోజులు ఏసీ వేసుకుని తిరగాలి. మరీ ముఖ్యంగా పట్టపగలు చూడొద్దు. మన ఎండలో యూవీ టార్చి వెలుగు కంటికే ఆనదు. సాయంత్రం ఏడు దాటాక షెడ్డులో లైట్లార్పి, పసుపు కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే లీకు ఉన్నచోట పచ్చగా మెరుస్తుంది. సర్వీసు పోర్టుల మూతలు తీసి లోపల కూడా చూడండి. గ్యాస్ ఎక్కించేచోట సైకిల్ ట్యూబ్ వాల్వ్‌లాంటి చిన్న పిన్ను ఉంటుంది. దాని రబ్బరు అరిగి గ్యాస్ పోవడం చాలా మామూలు. ఆ పిన్ను ధర వంద రూపాయల లోపే. అయితే గ్యాస్ కొట్టినప్పుడు కూడా అక్కడ కొంచెం డై అంటుకుంటుంది, అందుకని ముందే తుడిచి ఉంచితేనే చూసింది నమ్మదగ్గది.

డైకి ఉన్న లోపం, కంటికి కనిపించే చోటనే పనికొస్తుంది. డ్యాష్‌బోర్డు లోపల మూసి ఉన్న కూలింగ్ కాయిల్‌ను అది నేరుగా చూపలేదు. నా కథ అక్కడే మొదలైంది.

డిటెక్టర్: నా బండి కథ

నా కారుకి ఏప్రిల్‌లో గ్యాస్ పడితే ఆగస్టు దాకా వచ్చేది. మొదటి ఏడు మెకానిక్ ఇరవై నిమిషాలు నైట్రోజన్ పెట్టాడు. ముల్లు కదల్లేదు. నెలల తరబడి కారే లీకు ఇరవై నిమిషాల్లో ముల్లును కదిలిస్తుందా? నాకప్పుడు తట్టలేదు. "కండెన్సర్ పాతబడింది, అదే అయ్యుంటుంది" అన్నాడు. ఆరున్నర వేలు పెట్టి మార్పించాను. మరుసటి ఆగస్టుకి గ్యాస్ మళ్ళీ మాయం. పాత కండెన్సర్‌ను నీళ్ళ తొట్టిలో ముంచి గాలి పట్టించి చూడమని అప్పుడే అడిగి ఉండాల్సింది. ఐదు నిమిషాల పని. ఇప్పుడైతే ఏ భాగాన్నైనా మార్చే ముందు "ఇందులోంచే పోతోందని చూపించు" అంటాను. చూపించలేకపోతే మార్చనివ్వను.

రెండో ఏడు డై వేశారు. బానెట్ కింద ఎక్కడా చుక్క లేదు. కారు కిందికి టార్చి పట్టుకుని దూరితే, ఏసీ నీళ్ళు కారే డ్రెయిన్ గొట్టం మూతి దగ్గర సన్నగా పచ్చని మెరుపు. ఆ గొట్టం కూలింగ్ కాయిల్ డబ్బా అడుగు నుంచి వస్తుంది. చాందాలో ఇంకో దుకాణంలో డిటెక్టర్ మూతిని ఆ గొట్టం దగ్గర పెడితే కీచుకీచుమని అరిచింది. సందేహం తీరిపోయింది.

డిటెక్టర్ వాడటంలో రెండు మూడు మెళకువలున్నాయి. ఆర్-134ఏ గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది. అందుకని జాయింటు పైన కాదు, కింద వెతకాలి. మూతిని వేలి మందం దూరంలో, చాలా నిదానంగా జరపాలి. కూలింగ్ కాయిల్ అయితే ఏసీ, బ్లోయర్ ఆపి పావుగంట ఆగి, గ్యాస్ కింద పేరుకున్నాక డ్రెయిన్ గొట్టం దగ్గరో, బ్లోయర్ సందులోనో పెట్టాలి. నీళ్ళు మూతిలోకి పోతే పరికరం పాడవుతుంది. సిస్టమ్‌లో కాస్తయినా గ్యాస్ ఉండాలి, ఖాళీ బండిలో అది వాసన పట్టేదేమీ లేదు. అన్నిటికన్నా పెద్ద శత్రువు గాలి. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో, పెడస్టల్ ఫ్యాన్ కింద డిటెక్టర్ పెట్టి "ఏమీ లేదు" అంటే ఆ మాటకు విలువ లేదు. పెట్రోలు ఆవిరికీ, బ్రేక్ క్లీనర్‌కీ అరిచే చౌక రకాలూ ఉన్నాయి. ఎస్‌ఏఈ జే2791 ప్రమాణానికి సరిపడేవి ఏడాదికి 4 గ్రాముల లీకును కూడా పసిగడతాయి. అంతటి పరికరం ఉన్న దుకాణం మా చుట్టుపక్కల తక్కువ. నాగపూర్‌లో దొరుకుతాయి, కానీ అది 150 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. డ్యాష్‌బోర్డు దించాలనే తీర్పు వచ్చినప్పుడు మాత్రం ఆ ప్రయాణం దండగ కాదు.

దొరికింది సరే, బాగు చేయాలా మార్చాలా?

ఓ-రింగ్, వాల్వ్ పిన్ను దగ్గర ఆలోచించే పనే లేదు, మార్చేయండి. కానీ కుళాయికి వేసే నల్ల రింగు పెట్టనివ్వొద్దు. ఏసీకి వేసేవి ఎక్కువగా ఆకుపచ్చగా ఉండే హెచ్‌ఎన్‌బీఆర్ రబ్బరు రింగులు, ఏసీ నూనె పూసి ఎక్కించాలి. ఒక జాయింటు విప్పితే దాని పాత రింగు మళ్ళీ వేయకూడదు.

కండెన్సర్ దగ్గరే అసలు తర్జనభర్జన. ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తే వెయ్యిలోపు పోతుంది, కొత్తది నాలుగు నుంచి ఎనిమిది వేలు. పక్కనున్న లావాటి గొట్టం దగ్గరో, పైపు కలిసే మొన దగ్గరో బొక్క ఉంటే, చేయి తిరిగిన వెల్డర్ దొరికితే వెల్డింగే బెటర్. బావకి ఇలాగే అయింది. మధ్యలోని చదును గొట్టాలకు రాయి తగిలితే మాత్రం వదిలేయండి. అవి కాగితమంత పలచన, ఒకచోట అతికితే పక్కన కరుగుతుంది. ఎపాక్సీ ముద్ద పెట్టినవాటిని చూస్తే నాకు నవ్వొస్తుంది, మొదటి మే నెలే దాని ఆఖరు నెల. ఇక కొత్తది కొనేటప్పుడు సగం ధరకు వచ్చే లోకల్ సరుకులో రెక్కలు ఎడంగా ఉంటాయి. పుణేలో, బెంగళూరులో అది సరిపోతుందేమో. 46 డిగ్రీల చాందాలో గ్యాస్ నిండుగా ఉన్నా చల్లబడదు. ఇక్కడ మాత్రం కంపెనీ సరుకే కొనండి, ఈ మాట మీద నేను మెత్తబడను.

గొట్టాల విషయంలో మా ఊరికో ప్రత్యేక ప్రమాదం ఉంది. బొగ్గుగని ఊరు కదా, హైడ్రాలిక్ హోసుల చివర్లు నొక్కి బిగించే (క్రింప్ చేసే) వాళ్ళు సందుకొకరు. ఏసీ గొట్టం పట్టుకెళ్తే పది నిమిషాల్లో చేసిచ్చేస్తారు. బిగింపు గట్టిగానే ఉంటుంది, హైడ్రాలిక్ మీద మావాళ్ళకు పేరు పెట్టక్కర్లేదు. కానీ ఆ రబ్బరులోంచి ఏసీ గ్యాస్ నెమ్మదిగా ఇంకిపోతుంది. లోపల అడ్డుపొర ఉన్న ఏసీ హోసే కావాలి. హోసు మీరు కొని తీసుకెళ్ళి, ఏసీ గొట్టానికి సరిపడే అచ్చు ఉంటేనే క్రింపింగ్ వాళ్ళచేత చేయించుకోండి.

కంప్రెసర్ ముందు సీలు కారుతుంటే, బండి తిరిగింది తక్కువై శబ్దం ఏమీ లేకపోతే సీలు కిట్ వేయించవచ్చు. లక్షన్నర కిలోమీటర్లు దాటి, లోపల లోహపు పొడి కనిపిస్తే సీలు మీద డబ్బు పెట్టొద్దు. ఈ సీలు ఎండిపోవడానికి పెద్ద కారణం వానాకాలం, చలికాలం మొత్తం ఏసీ వేయకపోవడం. వారానికి పది నిమిషాలు వేస్తే నూనె తిరిగి సీలు తడిగా ఉంటుంది.

కూలింగ్ కాయిల్‌కి అతుకు అనే మాటే లేదు. దాని ధరకన్నా డ్యాష్‌బోర్డు దించే కూలీ ఎక్కువ, కాబట్టి తక్కువ రకం కాయిల్ వేసి రెండేళ్ళకు మళ్ళీ విప్పించడం అంత తెలివితక్కువ పని లేదు. విప్పినప్పుడే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, దాని రింగులు కూడా మార్పించండి. కొన్ని బండ్లలో డ్యాష్‌బోర్డు మొత్తం దించకుండా గ్లవ్‌బాక్స్ పక్కనుంచే కాయిల్ వస్తుంది. "మొత్తం విప్పాలి" అన్నవాడిని నమ్మేముందు మీ మోడల్ గురించి ఇంకో ఇద్దరిని అడగండి. నాకు అన్నీ కలిపి తొమ్మిది వేల చిల్లర అయింది, రెండు రోజులు పట్టింది. తర్వాత నెల రోజులు డ్యాష్‌బోర్డులో ఒక క్లిప్పు కటకటలాడేది, అది వేరే సంగతి.

సిస్టమ్ రోజుల తరబడి తెరిచి ఉంటే తేమ పీల్చే డ్రయర్ మార్చాలి. అందులోని గింజలు గాలిలోని తేమను తాగేసి ఉంటాయి.

ఇక స్టాప్-లీక్ డబ్బాలు. ఆన్‌లైన్‌లో ఐదారు వందలకు దొరుకుతాయి: పోస్తే చాలు, బొక్క అదే మూసుకుంటుందట. వాటిలో కొన్ని రకాలు తేమ తగిలితే గట్టిపడేవి. మీ బండిలో తేమ ఉంటే లోపలే గట్టిపడి వాల్వ్‌ను మూసేస్తాయి, మెకానిక్ గ్యాస్ మెషీన్‌లోకి పోతే దాన్నీ పాడు చేస్తాయి. అందుకే ఒకసారి అది పోసిన బండిని ముట్టుకోవడానికి మంచి దుకాణం వాళ్ళు ఇష్టపడరు. వాళ్ళ దగ్గర దాచొద్దు కూడా.

గ్యాస్ నింపేటప్పుడు

ఒత్తిడి చూసి నింపే పద్ధతి మా ఎండల్లో బెడిసికొడుతుంది. మిట్టమధ్యాహ్నం కండెన్సర్ వైపు ఒత్తిడి చూపే హై సైడ్ ముల్లు ఎలాగూ ఎగిరి ఉంటుంది. అది చూసి మెకానిక్ "చాలు" అని ఆపేస్తే గ్యాస్ తక్కువ పడుతుంది. చల్లగా లేదని ఇంకాస్త కొడితే ఎక్కువై ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. స్టిక్కర్ మీదున్న గ్రాములు తూకం వేసి నింపమనండి. అసలు లీకు దొరికిందా లేదా అన్నది కూడా తూకం ఉంటేనే మరుసటి ఏడు తేలుతుంది: 420 పోసి ఏడాది తర్వాత 400 వచ్చిందంటే గెలిచినట్టే. కొత్త ఖరీదైన కార్లు కొన్నింటిలో ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ ఉంటుంది, దానికీ దీనికీ పోర్టులే వేరు. అడాప్టర్ పెట్టి 134ఏ దూర్చేవాణ్ణి దూరం పెట్టండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లయితే కంపెనీ సర్వీసుకే వెళ్ళండి. వాటిలో ఎక్కువ బండ్ల కంప్రెసర్‌లో మోటారు తీగలు నూనెలోనే తడుస్తుంటాయి. మామూలు కార్ల ఏసీలో వాడే పాగ్ నూనె పడితే కరెంటు ఒంటికి కొట్టే ప్రమాదం ఉంది. ఇంకో మాట: గ్యాస్ పని జరుగుతుండగా మెకానిక్ బీడీ వెలిగిస్తే ఆర్పించండి. ఆ గ్యాస్ మంటకు తగిలితే విషమవుతుంది.

మా చిన్నాయన దగ్గర పద్నాలుగేళ్ళ నాటి చిన్న కారుంది. రాజురా నుంచి వాంకిడి దాటి ఆసిఫాబాద్‌లో కూతురింటికి నెలకోసారి వెళ్ళి రావడం తప్ప దానికి పని లేదు. కూలింగ్ కాయిల్‌లోంచి ఏడాదికోసారి గ్యాస్ పోతుంది. బాగు చేయించాలంటే పది వేలు, బండి అమ్మితే వచ్చేది అరవై వేలు. పోయే గ్యాస్‌తో పాటు నూనె కూడా కొంచెం పోతుంది కాబట్టి ఏటా గ్యాస్‌తో పాటు పాగ్ నూనె కూడా కొలిచి వేయమని చెప్పాను. గాలిలో కలిసే ఆ 400 గ్రాములు భూమిని వేడెక్కించడంలో సుమారు 570 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అది నా మనసులో ముల్లులా ఉంది, ఆయనకీ చెప్పాను. "ఇంకో రెండేళ్ళలో బండే అమ్మేస్తానురా" అన్నాడు. ఆ కారుకు మాత్రం డ్యాష్‌బోర్డు దించమని నేను ఒత్తిడి చేయలేదు.